నేర్చుకునే చేతికి దెబ్బ తగిలితే...

ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర మొదలై పటేల్ చౌక్ మీదుగా గోల్ డాక్‌ఖానా వైపు సాగే రోడ్డు అశోకా రోడ్. తెలుగువారికి ఇది బాగా తెలిసిన రోడ్డే. హైదరాబాద్ నిజాం కోసం ఎడ్విన్ లుట్యెన్స్ రూపకల్పన చేసిన హైదరాబాద్ హౌస్ దీని మొదట్లోనే ఉంది. ఆ పక్కనే 1, అశోకా రోడ్ చిరునామాతో ఆంధ్రా భవన్ ఉంది. రాజధానిలోని ప్రయోగశాలల్లో, ఆస్పత్రుల్లో, కంపెనీల్లో శిక్షణ కోసం వచ్చే మన విద్యార్థులు పప్పన్నం, గోంగూర పచ్చడి కోసం ఇక్కడి క్యాంటీన్‌ను వెతుక్కుంటూ వస్తారు.

అలా వచ్చే విద్యార్థి చేతిలో సాధారణంగా రెండు కాగితాలుంటాయి. ఒకటి కాలేజీ ఇచ్చిన పరిచయ లేఖ. రెండోది శిక్షణ ఇచ్చే సంస్థ పంపిన అనుమతి పత్రం. శిక్షణ కాలంలో యంత్రంలో వేలు నలిగితే, కళ్లలో ఆమ్లం పడితే, సైట్‌లో పరంజా మీది నుంచి జారిపడితే ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? శాశ్వతంగా అంగవైకల్యం కలిగితే నష్టపరిహారం ఎవరివ్వాలి? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే మూడో కాగితం చాలామంది దగ్గర ఉండదు. అలాంటిది ఒకటి ఉండాలన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

పనిచేసేవాడికి దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు దాదాపు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో కార్మికుడికి ఒక స్థానం దొరికింది. అప్రెంటిస్‌కు కొంత ఆలస్యంగా దొరికింది. విద్యార్థి మాత్రం ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. అది ఎలా జరిగిందో చూద్దాం.

కసాయి కొట్టు కుర్రాడి దావా

1837లో ఇంగ్లండ్ న్యాయస్థానంలో ఒక కేసు విచారణకు వచ్చింది. ప్రీస్ట్‌లీ అనే కుర్రాడు ఫౌలర్ అనే మాంసం వ్యాపారి దగ్గర పనిచేసేవాడు. యజమాని చెప్పిన పని మీద వెళుతుండగా, మోయలేనంత సరుకు ఎక్కించిన బండి విరిగిపోయి అతని తొడ ఎముక విరిగింది. జ్యూరీ 100 పౌండ్లు ఇప్పించింది. పై న్యాయమూర్తులు దాన్ని కొట్టివేశారు. పనిలో ఉండే ప్రమాదాలు తెలిసే నౌకరు పనికి కుదురుతాడు కనుక యజమానిది బాధ్యత కాదన్నది వారి వాదనలోని సారాంశం.

ఈ తీర్పు ప్రభావం చాలా కాలం నిలిచింది. తోటి పనివాడి పొరపాటు వల్ల దెబ్బ తగిలినా యజమానిని అడగడానికి వీల్లేదన్న సూత్రం దీని నుంచే పెరిగింది. దెబ్బ తిన్నవాడు యజమాని తప్పును రుజువు చెయ్యాలి. కాలు విరిగి మంచాన పడ్డ మనిషి వకీలును పెట్టుకుని, సాక్షులను వెతికి, ఫ్యాక్టరీ యజమానితో పోట్లాడటం ఎంతమందికి సాధ్యం?

ఈ పద్ధతిని మొదట మార్చినది జర్మనీ. బిస్మార్క్ ఛాన్సలర్‌గా ఉండగా 1884లో అక్కడ ప్రమాద బీమా చట్టం వచ్చింది. తప్పు ఎవరిదన్న ప్రశ్నను ఆ చట్టం పక్కనపెట్టింది. యజమానులందరూ ఒక నిధికి చందాలు కట్టాలి. పనిలో దెబ్బ తగిలినవాడికి ఆ నిధి నుంచి డబ్బు అందుతుంది. 1897లో బ్రిటన్ కూడా తప్పుతో సంబంధం లేకుండా నష్టపరిహారం ఇచ్చే చట్టం చేసింది. బండి విరిగిన కేసుకూ దీనికీ మధ్య 60 ఏళ్లు గడిచాయి.

ఒకే ఏడాది మూడు చట్టాలు

మన దేశంలో మొదటి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చింది. అది ఏడేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదన్నది. ప్రమాదకరమైన యంత్రాల చుట్టూ కంచె ఉండాలన్నది. దెబ్బ తగిలినవాడికి డబ్బు ఇప్పించే మాట అందులో లేదు. ప్రాణం పోతే కుటుంబసభ్యులు దావా వేసుకోవడానికి 1855 నాటి మరణ ప్రమాదాల చట్టం ఉన్నా, తప్పు రుజువు చేసే భారం మాత్రం వారిదే.

1923 ఈ కథలో ముఖ్యమైన సంవత్సరం. ఆ ఒక్క ఏడాదిలోనే గనుల చట్టం, బాయిలర్ల చట్టం, కార్మిక నష్టపరిహార చట్టం వచ్చాయి. ఇప్పుడు మనం అశోకా రోడ్ నుంచి నడిచి వెళ్లగలిగిన గుండ్రటి పాత పార్లమెంటు భవనం అప్పటికింకా పూర్తికాలేదు. దాని ప్రారంభోత్సవం 1927లో జరిగింది. అంతవరకు కేంద్ర శాసనసభ పాత ఢిల్లీకి ఉత్తరాన ఉన్న సెక్రటేరియట్ భవనంలో సమావేశమయ్యేది.

1924 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక నష్టపరిహార చట్టంలో అసలు కీలకం ఒక్క వాక్యంలో ఉంది. పని కారణంగా, పని చేస్తుండగా జరిగిన ప్రమాదంలో కార్మికుడికి దెబ్బ తగిలితే యజమాని నష్టపరిహారం చెల్లించాలి. యజమాని తప్పును రుజువు చెయ్యనక్కర్లేదు. 2010 జనవరి నుంచి ఈ చట్టంలో ‘కార్మికుడు’ బదులు ‘ఉద్యోగి’ అనే మాట వచ్చింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి రావడంతో పాత చట్టం అందులో కలిసిపోయింది. సూత్రం మాత్రం అదే నిలిచింది. ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో జరిగే ప్రమాదం కూడా, పనితో దానికి సంబంధం ఉందని తేలితే, పనిలో జరిగిన ప్రమాదంగానే పరిగణించాలని కొత్త కోడ్ స్పష్టంగా చెప్పింది.

బీమా నేర్పిన భద్రత

బీమా అంటే ప్రమాదం జరిగాక డబ్బు ఇచ్చే ఏర్పాటు అనే మనం అనుకుంటాం. కాని ప్రమాదాలను ముందే ఆపే విద్య చాలావరకు బీమా కంపెనీల దగ్గరే పెరిగింది. 19వ శతాబ్దంలో ఆవిరి బాయిలర్లు తరచుగా పేలేవి. 1866లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో బాయిలర్లకు బీమా చేసే కంపెనీ ఒకటి పుట్టింది. ముందు తమ ఇన్‌స్పెక్టరు వచ్చి బాయిలర్‌ను పరీక్షించాలి, ఆ తరువాతే పాలసీ అన్నది దాని షరతు. బాయిలర్ పేలితే డబ్బు కట్టాల్సింది తామే కనుక అది పేలకుండా చూడటం కంపెనీకి లాభం. ఆ షరతు వెనక ఉన్న లెక్క ఇదే.

1931లో హెర్బర్ట్ హైన్రిక్ పారిశ్రామిక ప్రమాదాల నివారణ గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. ఆయన ట్రావెలర్స్ అనే బీమా కంపెనీ ఉద్యోగి. వేలకొద్దీ ప్రమాద నివేదికలు చూసి ఆయన ఒక నిష్పత్తి చెప్పాడు. ఒక్క తీవ్ర ప్రమాదం వెనక 29 చిన్న దెబ్బలు, దెబ్బ తగలకుండా తప్పిపోయిన 300 సంఘటనలు ఉంటాయని. ఈ అంకెలు అన్ని పరిశ్రమలకూ ఒకేలా వర్తించవని తరువాతి పరిశోధకులు విమర్శించారు. అయినా అందులోని ఆలోచన విద్యార్థికి చాలా ఉపయోగపడుతుంది. ‘అమ్మయ్య, తృటిలో తప్పింది’ అని ఊపిరి పీల్చుకున్న ప్రతి సంఘటనా ఒక సమాచారమే. దాన్ని పైవారికి చెప్పకుండా ఊరుకుంటే, రేపు అదే చోట ఇంకొకరికి తప్పిపోకపోవచ్చు.

కార్మికుడు కాని కార్మికుడు

ఇక నేర్చుకునేవారి సంగతికి వద్దాం. మన దేశంలో 1850లోనే ఒక అప్రెంటిస్ చట్టం ఉండేది. అనాథలు, పేదపిల్లలు వృత్తులు నేర్చుకోవడానికి ఉద్దేశించిన చట్టమది. 10 నుంచి 18 ఏళ్ల వయసు పిల్లలను ఏడేళ్లకు మించకుండా ఒక యజమానికి ఒప్పగించవచ్చు.

స్వాతంత్ర్యం తరువాత ఉక్కు కర్మాగారాలు, ఆనకట్టలు, రైలింజన్ల ఫ్యాక్టరీలు వచ్చేసరికి నైపుణ్యం ఉన్న పనివారు వేల సంఖ్యలో కావలసి వచ్చారు. 1961లో కొత్త అప్రెంటిస్ చట్టం చేశారు. మొదట్లో అది ఫిట్టర్, టర్నర్, వెల్డర్ వంటి వృత్తుల వారికి పరిమితం. 1973 సవరణతో ఇంజినీరింగ్ డిగ్రీ, డిప్లొమా పూర్తిచేసినవారు అందులోకి వచ్చారు. 1986 సవరణతో ఇంటర్‌లో వృత్తివిద్య చదివినవారు వచ్చారు. 2014 సవరణ ఇంజినీరింగేతర పట్టభద్రులకు కూడా తలుపు తెరిచింది.

ఈ చట్టంలో మూడు సెక్షన్లు పక్కపక్కన పెట్టి చదవాలి. 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందే వ్యక్తి మాత్రమే, కార్మికుడు కాదు. కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. ఇక్కడితో ఆగిపోతే అప్రెంటిస్ నిరాధారుడయ్యేవాడు. కాని 14వ సెక్షన్ ఫ్యాక్టరీలో ఉన్న అప్రెంటిస్‌ల ఆరోగ్యం, భద్రత, సంక్షేమం విషయంలో వారిని కార్మికులతో సమానంగా చూడాలన్నది. 16వ సెక్షన్ శిక్షణ కారణంగా, శిక్షణ పొందుతుండగా ప్రమాదం జరిగితే యజమాని నష్టపరిహారం ఇవ్వాలన్నది. జీతం దగ్గర, ఉద్యోగ హక్కుల దగ్గర అతను కార్మికుడు కాదు. యంత్రం ముందు నిలబడినప్పుడు మాత్రం కార్మికుడే. యంత్రం పళ్లకు కార్మికుడి వేలు, అప్రెంటిస్ వేలు అని తేడా తెలియదు కదా!

వేలికి వెల ఎంత?

నష్టపరిహారం లెక్క ఎలా కడతారో తెలుసుకోవడం అవసరం. 1923 చట్టం చివర ఒక పట్టిక ఉండేది. ఏ అవయవం పోతే సంపాదనశక్తిలో ఎంత శాతం పోయినట్టో అందులో రాశారు. రెండు చేతులూ పోతే 100 శాతం. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం. బొటనవేలు పోతే 30 శాతం. చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం. బొటనవేలికి చూపుడువేలి కంటే రెట్టింపు కన్నా ఎక్కువ విలువ ఎందుకో శరీరశాస్త్రం చదివినవారికి తెలుసు. బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురుగా వచ్చి నిలవగలగడం వల్లనే మనిషి పనిముట్టు పట్టుకోగలుగుతున్నాడు.

మరో పట్టికలో వయసును బట్టి ఒక గుణకం ఉండేది. వయసు తక్కువైతే ముందున్న సంపాదన కాలం ఎక్కువ కనుక గుణకం కూడా ఎక్కువ. 20 ఏళ్ల వయసుకు అది 224. చనిపోతే నెల వేతనంలో సగాన్ని, పూర్తిగా శాశ్వత వైకల్యం కలిగితే 60 శాతాన్ని ఈ గుణకంతో హెచ్చవేయాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 20 ఏళ్ల అప్రెంటిస్. నెలకు స్టైపెండ్ 9,000 రూపాయలు (2019 నిబంధనలు పట్టభద్ర అప్రెంటిస్‌కు నిర్ణయించిన కనీస మొత్తం ఇదే). ప్రమాదంలో బొటనవేలు పోయింది. 9,000లో 60 శాతం 5,400. దాన్ని 224తో హెచ్చవేస్తే 12,09,600. అందులో 30 శాతం 3,62,880 రూపాయలు. అప్రెంటిస్‌కు స్టైపెండే వేతనంగా లెక్కలోకి వస్తుందని చట్టం చెబుతోంది కనుక ఈ లెక్క సాధ్యమైంది.

ఈ లెక్కనే స్టైపెండ్ లేని విద్యార్థికి కట్టి చూడండి. సున్నాను ఎంతతో హెచ్చవేసినా సున్నాయే!

విద్యార్థి ఏ గడిలో?

కాలేజీ పంపగా వేసవి శిక్షణకు, ప్రాజెక్టు పనికి వెళ్లే విద్యార్థికి సాధారణంగా ఉద్యోగ నియామకం ఉండదు. అప్రెంటిస్ చట్టం కింద నమోదైన ఒప్పందం ఉండదు. చాలాసార్లు స్టైపెండ్ కూడా ఉండదు. ఉద్యోగి గడిలో అతను లేడు. అప్రెంటిస్ గడిలోనూ లేడు. కాని అదే షెడ్డులో, అదే కొలిమి పక్కన నిలబడి ఉంటాడు. పైగా అక్కడున్న వారందరిలోకీ అనుభవం తక్కువ ఉన్నది అతనికే.

ఒకప్పుడు ఇలాంటివారు కొద్దిమంది. 1973లో పిలానీలోని బిట్స్ సంస్థ ‘ప్రాక్టీస్ స్కూల్’ పేరుతో విద్యార్థులను నెలల తరబడి పరిశ్రమల్లో ఉంచే పద్ధతిని ప్రవేశపెట్టినప్పుడు అది కొత్త ప్రయోగం. తరువాత పరిస్థితి మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. ఇంజినీరింగ్ విద్యార్థుల సంగతి సరేసరి. తప్పనిసరి అన్నప్పుడు ప్రశ్న స్వరూపమే మారుతుంది. తనంతట తాను వెళ్లినవాడు వేరు, వెళ్లకపోతే డిగ్రీ రాదని పంపితే వెళ్లినవాడు వేరు.

ఈ తేడా ఎంత కఠినంగా ఉండగలదో అమెరికాలో జరిగిన ఒక ప్రమాదం చూపించింది. 2008 డిసెంబరు 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 23 ఏళ్ల పరిశోధన సహాయకురాలు టెర్షరీ బ్యుటైల్ లిథియం అనే రసాయనాన్ని సిరంజితో తీస్తోంది. గాలి తగిలితే చాలు, దానంతట అదే మండే పదార్థమది. సిరంజి పిడి ఊడి వచ్చింది. మంటలంటుకున్నాయి. ఆమె ఒంటిమీద ప్రయోగశాల కోటు లేదు. 18 రోజుల తరువాత మరణించింది. ఆమె జీతం తీసుకునే ఉద్యోగి కనుక ఆ రాష్ట్ర కార్మిక భద్రతా శాఖ దర్యాప్తు చేసి జరిమానా వేయగలిగింది. మరో ఏడాదికి, 2010 జనవరిలో, టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంలో పేలుడు జరిగి ఒక పరిశోధక విద్యార్థి చేతివేళ్లు పోయాయి. ఆ సంఘటనను పరిశీలించిన అమెరికా రసాయన భద్రతా మండలి, కార్యస్థల భద్రతా చట్టం ఉద్యోగులకే తప్ప విద్యార్థులకు వర్తించదన్న సంగతిని ఎత్తిచూపింది. పక్కపక్క బల్లల దగ్గర ఒకే ప్రయోగం చేస్తున్నా ఒకరికి చట్టం ఉంది, మరొకరికి లేదు.

బియాస్ నది ఒడ్డున

మన విద్యార్థుల విషయంలో ఈ ప్రశ్న అతి విషాదకరంగా ముందుకొచ్చింది 2014లో. హైదరాబాద్‌లోని వీఎన్నార్ విజ్ఞానజ్యోతి ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు అధ్యాపకులతో కలిసి హిమాచల్ ప్రదేశ్ పర్యటనకు వెళ్లారు. జూన్ 8 సాయంత్రం మండి జిల్లాలో బియాస్ నది ఒడ్డున ఆగారు. నీళ్లు తక్కువగా ఉండటంతో కొందరు రాళ్ల మీదికి దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన ఉన్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు ఆనకట్ట నుంచి ఆ సమయంలో నీళ్లు వదిలారు. చూస్తుండగానే ప్రవాహం పెరిగింది. 24 మంది విద్యార్థులు, వారితో ఉన్న పర్యటన నిర్వాహకుడు కొట్టుకుపోయారు.

హిమాచల్ హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. 2016 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఒక్కొక్క విద్యార్థి తల్లిదండ్రులకు వడ్డీతో సహా 20 లక్షల రూపాయల చొప్పున చెల్లించాలంది. ఆ మొత్తాన్ని కోర్టు పంచిన తీరును గమనించాలి. విద్యుత్ బోర్డు 60 శాతం, కళాశాల 30 శాతం, రాష్ట్ర ప్రభుత్వం 10 శాతం భరించాలి. ఆనకట్టను నడిపేవారిది ప్రధాన బాధ్యత. కాని విద్యార్థులను తీసుకెళ్లినవారు కూడా ఆ బాధ్యత నుంచి తప్పించుకోలేరు.

విచిత్రమేమంటే ఈ సూత్రానికి ఆధారంగా నిలిచిన మరో కేసు కూడా బియాస్ నదిదే. 1995 మే నెలలో పఠాన్‌కోట్ ప్రాంతపు పాఠశాల ఒకటి పిల్లలను ఈ నది ఒడ్డుకు విహారానికి తీసుకెళ్లగా 14 మంది మునిగిపోయారు. ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలన్న తీర్పును 2001లో సుప్రీంకోర్టు సమర్థించింది. పిల్లలను వెంట తీసుకెళ్లిన ఉపాధ్యాయుడు తల్లిదండ్రుల స్థానంలో ఉండి జాగ్రత్త చూపాలన్నది ఆ తీర్పు సారం.

ఆ సుప్రీంకోర్టు ఉన్నది అశోకా రోడ్ కలిసే ఇండియా గేట్ వలయం నుంచే చీలే తిలక్ మార్గ్‌లో. బాధ్యత గురించి అది చెప్పిన మరో గొప్ప తీర్పు కూడా ఢిల్లీలో జరిగిన ప్రమాదం నుంచే పుట్టింది. 1985 డిసెంబరు 4న నగరంలోని శ్రీరామ్ ఎరువుల కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకైంది. భోపాల్ దుర్ఘటన జరిగి అప్పటికి ఏడాది అయింది. 1986 డిసెంబరులో ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నాయకత్వంలోని ధర్మాసనం, ప్రమాదకర పరిశ్రమ నడిపేవారికి దాని వల్ల కలిగే హాని విషయంలో ఎలాంటి మినహాయింపు లేని బాధ్యత ఉంటుందని తీర్పు చెప్పింది. 1991లో ప్రజా బాధ్యత బీమా చట్టం వచ్చింది. ప్రమాదకర రసాయనాలతో పనిచేసే సంస్థలు, తమ కార్మికులు కాని ఇతరులకు జరిగే హానికి కూడా బీమా చేయించాలని అది నిర్దేశించింది. కార్మికుడి గడిలో లేని విద్యార్థికి ఇక్కడ కొంత నీడ దొరుకుతుంది. కాని అది రసాయన ప్రమాదాలకు పరిమితం. లేత్ మెషీన్ దగ్గర తెగిన వేలికి అది పనికిరాదు.

సైన్సు గీసిన గీత

చట్టం తడబడిన చోట సైన్సు కొన్నిసార్లు స్పష్టంగా గీత గీసింది. రేడియేషన్ మోతాదు పరిమితులే ఇందుకు మంచి ఉదాహరణ. మన అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం రేడియేషన్‌తో పనిచేసే ఉద్యోగికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు మించకూడదు. సాధారణ ప్రజలకు పరిమితి 1 మిల్లీసీవర్ట్. ఈ రెండింటి మధ్య శిక్షణ పొందే 16 నుంచి 18 ఏళ్ల వారికి 6 మిల్లీసీవర్ట్‌లు అని ప్రత్యేకంగా నిర్ణయించారు. పెరిగే వయసులో కణవిభజన చురుకుగా ఉంటుంది కనుక రేడియేషన్ హాని ఎక్కువ. పైగా ముందున్న జీవితకాలం కూడా ఎక్కువ. నేర్చుకునేవాడు ఉద్యోగీ కాదు, దారినపోయే మనిషీ కాదు, అతనిది వేరే గడి అని ఇక్కడ అంకెల్లోనే ఒప్పుకున్నారు.

వైద్య విద్యార్థులు, నర్సింగ్ విద్యార్థులు, ల్యాబ్ టెక్నీషియన్ శిక్షణలో ఉన్నవారు ఎదుర్కొనే ప్రమాదం సూదిమొన. రోగి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ సోకే అవకాశం సుమారు 0.3 శాతం. హెపటైటిస్-సి అయితే 2 శాతం లోపు. టీకా వేసుకోనివారికి హెపటైటిస్-బి సోకే అవకాశం 30 శాతం దాకా ఉండవచ్చు. ఈ మూడింటిలో అతి పెద్ద అంకె ఉన్న వ్యాధికే మంచి టీకా ఉంది! శిక్షణకు వెళ్లేముందే ఆ టీకా వేయించుకోవడం ఏ బీమా పాలసీ కంటే విలువైనది. హెచ్‌ఐవీ నివారణ మందులు వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి. సూది గుచ్చుకున్న సంగతి పెద్ద డాక్టరు తిడతారేమోనని దాచిపెట్టే విద్యార్థి పోగొట్టుకునేది ఈ గంటలనే.

మంచి సంప్రదాయం గనుల్లో ఉంది. 1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వడం మొదలైన సింగరేణి గనుల గురించి మనకు తెలుసు. గనుల వృత్తిశిక్షణ నిబంధనలు 1966లో వచ్చాయి. గనిలో పనికి దిగేవారు ముందు శిక్షణ పొందాలన్నది వాటి ఉద్దేశం. హెల్మెట్, టోపీ దీపం, బూట్లు వేసుకోవడం ఎలాగో, పైకప్పు కూలే సూచనలేమిటో, ప్రమాదం జరిగితే బయటికి దారి ఎటో ముందు నేర్పుతారు. పనికన్నా ముందు ప్రమాదాన్ని నేర్పడం అనే ఈ పద్ధతి ఏ ఫ్యాక్టరీకైనా, ఏ ప్రయోగశాలకైనా వర్తిస్తుంది.

ఇతర దేశాలు ఏం చేశాయి?

1884లో కార్మికులకు ప్రమాద బీమా మొదలుపెట్టిన జర్మనీ, 1971లో దాన్ని బడిపిల్లలకు, విశ్వవిద్యాలయ విద్యార్థులకు, కిండర్‌గార్టెన్ పిల్లలకు కూడా విస్తరించింది. విద్యార్థి ఉద్యోగా కాదా అన్న వాదన అక్కడ అవసరం లేకుండాపోయింది. బ్రిటన్ 1990లో చేసిన నిబంధనలు పనిలో శిక్షణ పొందేవారిని ఆరోగ్య, భద్రతా చట్టం విషయంలో ఉద్యోగులుగానే పరిగణించాలన్నాయి.

మన దేశంలో కూడా కదలిక ఉంది. 2024లో ప్రకటించిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో ఎంపికైనవారికి రెండు బీమా పథకాలు వర్తించేలా, ప్రీమియం ప్రభుత్వమే కట్టేలా ఏర్పాటు చేశారు. ఒకటి జీవన్ జ్యోతి బీమా, రెండోది సురక్షా బీమా. ఇంటర్న్‌కు బీమా ఉండాలన్న విషయాన్ని ప్రభుత్వ పథకంలోనే రాయడం మంచి మార్పు. సురక్షా బీమా 2015లో మొదలైంది. 2022 జూన్ నుంచి దాని ప్రీమియం ఏడాదికి 20 రూపాయలు. 18 ఏళ్లు నిండి బ్యాంకు ఖాతా ఉన్న ఏ విద్యార్థి అయినా ఇందులో చేరవచ్చు. ప్రమాదంలో మరణించినా, పూర్తి వైకల్యం కలిగినా 2 లక్షల రూపాయలు ఇస్తారు. పాక్షిక శాశ్వత వైకల్యానికి లక్ష. ఆస్పత్రి ఖర్చులు మాత్రం ఇందులోకి రావు.

శిక్షణకు బయలుదేరే ముందు

బీమా పాలసీల్లో రకాలున్నాయి. వాటి తేడా తెలియకపోతే పాలసీ ఉండి కూడా ఉపయోగం ఉండదు. కాలేజీలు విద్యార్థులందరి పేర తీసుకునే గ్రూపు ప్రమాద బీమా సాధారణంగా మరణానికి, అంగవైకల్యానికి డబ్బిస్తుంది. ఆస్పత్రి ఖర్చు అందులో ఉందో లేదో విడిగా చూడాలి. యజమానులు తమ ఉద్యోగుల కోసం తీసుకునే పాలసీలో ఇంటర్న్ పేరు చేర్చకపోతే అది అతనికి వర్తించదు. మూడో రకం, విద్యార్థి చేతిలో సంస్థకు గాని ఇతరులకు గాని నష్టం జరిగితే ఆదుకునే బాధ్యత బీమా. లక్షల రూపాయల పరికరాన్ని పొరపాటున పాడుచేస్తే ఎవరు భరించాలన్న ప్రశ్నకు జవాబు అక్కడుంటుంది.

అందువల్ల శిక్షణకు వెళ్లే ప్రతి విద్యార్థీ తన కాలేజీని కొన్ని ప్రశ్నలు అడగాలి. నాకు బీమా ఉందా? కాలేజీ ఆవరణ బయట, ఇతర రాష్ట్రంలో కూడా అది వర్తిస్తుందా? ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? ఆస్పత్రి ఖర్చు వస్తుందా? ప్రమాదం జరిగితే ఎన్ని గంటల్లో, ఎవరికి తెలపాలి? శిక్షణ ఇచ్చే సంస్థను అడగాల్సినవి వేరు. మొదటి రోజున భద్రతా శిక్షణ ఇస్తారా? కళ్లద్దాలు, చేతితొడుగులు, బూట్లు ఎవరిస్తారు? నా పని చూసే అధికారి ఎవరు? ఏ యంత్రం నేను ముట్టుకోకూడదు? కాలేజీకి, సంస్థకు మధ్య జరిగే ఒప్పందంలోనే ఈ జవాబులు రాసి ఉంటే మంచిది.

విద్యార్థి వైపు బాధ్యత కూడా ఉంది. 1923 చట్టం కార్మికుడికి ఎంత అండగా నిలిచినా, మద్యం మత్తులో ఉన్నవారికి, భద్రత ఆజ్ఞలను తెలిసి ధిక్కరించినవారికి, యంత్రానికి అమర్చిన రక్షణ కవచాన్ని కావాలని తీసేసినవారికి మామూలు గాయాల విషయంలో పరిహారం నిరాకరించింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 18 ఏళ్లలోపువారు ప్రమాదకర యంత్రం దగ్గర పనిచెయ్యాలంటే ముందు ఆ ప్రమాదాలేమిటో వారికి పూర్తిగా చెప్పాలని, తగిన శిక్షణ గాని అనుభవజ్ఞుల పర్యవేక్షణ గాని ఉండాలని నిర్దేశించింది. కదిలే యంత్రం దగ్గరికి బిగుతైన దుస్తులతోనే వెళ్లాలంది. చట్టాల పేర్లు మారినా వేలాడే చున్నీనీ, వదులు చొక్కా చేతినీ తిరిగే షాఫ్టు లాక్కునే తీరు మారలేదు.

ప్రీస్ట్‌లీ కేసు నాటి న్యాయమూర్తులు, ప్రమాదం తెలిసే నౌకరు పనిలో చేరతాడన్నారు. నేర్చుకోవడానికి వచ్చినవాడికి ఆ మాట అసలే వర్తించదు. ఏది ప్రమాదమో తెలియకపోవడం వల్లనే అతను విద్యార్థి. ఆ తెలియనితనానికి మూల్యం అతని చేతో, కన్నో కాకుండా చూడాల్సింది అతన్ని పంపినవారూ, రమ్మన్నవారూ. ఆ సంగతి ఒక కాగితం మీద ముందే రాసి, సంతకం పెట్టి, విద్యార్థి చేతికివ్వడానికి పట్టేది పది నిమిషాలు. ఈ వేసవిలో శిక్షణకు వెళ్లేవారు ఆ కాగితం అడిగి తీసుకుని మరీ బయలుదేరాలి.